తొండి అని తేల్చేదెవరు?

2011 జనవరి నెలాఖరున అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో ఒక తల్లి తన గోడు టీవీ వార్తల వాళ్లకి చెప్పుకుంది. ఆమె కొడుక్కి 11 ఏళ్లు. ఆటిజం ఉంది. మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ ఆటల సేవ ఎక్స్‌బాక్స్ లైవ్‌లో అతని ఖాతా తెరిస్తే పేరు దగ్గర ‘చీటర్’ అని కనిపిస్తోంది. ఆడి పోగేసుకున్న స్కోరంతా సున్నా అయిపోయింది. ఖాతా మాత్రం మూతపడలేదు. ఆడుకోవచ్చు, కొత్త పాయింట్లు తెచ్చుకోవచ్చు. కానీ ఎవరు చూసినా ముందు ఆ మాటే కంటపడుతుంది.

మైక్రోసాఫ్ట్ తన నిర్ణయాన్ని సమర్థించుకుంది. ఆ ఖాతాలో సక్రమంగా ఆడి సాధించలేని విజయాలు నమోదయ్యాయని చెప్పింది. తల్లి ఒప్పుకోలేదు. తన బిడ్డకి ఆట బాగా వచ్చని, తోటివాళ్లతో కలవడానికి అతనికి ఉన్న దారి అదేనని వాదించింది. వార్త ఖండాలు దాటింది. తెలియని మనుషులంతా తీర్పులు చెప్పారు. కొందరు కంపెనీకి హృదయం లేదన్నారు. పిల్లలు ఏం చేస్తున్నారో తల్లులకేం తెలుసని ఇంకొందరన్నారు. ఆటిజాన్ని అడ్డం పెట్టుకుంటున్నారని మరికొందరు తేల్చేశారు.

పేర్లు పక్కన పెట్టి చూస్తే ఈ కథ పామర్రులో జరగడానికి అడ్డేమీ లేదు. విజయవాడ నుంచి బందరు వెళ్లే రోడ్డు మీద, గుడివాడ వైపూ కూచిపూడి మీదుగా చల్లపల్లి వైపూ దారులు చీలే చోట ఉన్న ఊరిది. ఎక్స్‌బాక్సు ఉన్న ఇల్లు ఇక్కడ అరుదు కావచ్చు. ఫోనులో ఆడే బీజీఎంఐ గానీ ఫ్రీ ఫైర్ గానీ ఎరగని పిల్లవాడు ఇంకా అరుదు. అందుకే ఆ పాత కేసుని కృష్ణా డెల్టాలో నిలబడి మళ్లీ చదవాలనిపించింది. ఆ తగవులో మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. ఖాతాలో ఏం జరిగింది? ఆ పని చేసిందెవరు? దానికి ఏ శిక్ష, ఎవరి కళ్ల ముందు? జనం వీటిని విడదీయలేదు. మూడింటికీ ఒకటే జవాబు వెతికారు, ఆ జవాబు పిల్లవాడి ఆటిజంలో దొరికిందనుకున్నారు. పాపం, వాడికి మోసం చేయడం తెలియదన్నవాళ్లూ అదే చేశారు, ఇదంతా సాకు అన్నవాళ్లూ అదే చేశారు.

మొదటి ప్రశ్నకి జవాబు యంత్రాల దగ్గర ఉంటుంది. 100 గంటలు పట్టే పని ఒక్క నిమిషంలో పూర్తయినట్టు నమోదైతే అనుమానించడం సబబే. ఆన్‌లైన్ ఆటల్లో తొండి చిన్న విషయం కాదు. 2021 అక్టోబరు మొదలు నవంబరు 10 దాకా, అంటే ఆరు వారాల్లోపే, బీజీఎంఐ నడిపే క్రాఫ్టన్ సంస్థ మన దేశంలో 25 లక్షలకి పైగా ఖాతాలను శాశ్వతంగా నిషేధించినట్టు ప్రకటించింది. ఆ రద్దీలో ఒక్కో ఖాతానీ మనిషి కూర్చుని విచారించాడని నమ్మడం కష్టం. తీర్పు చెప్పేది చాలావరకు సాఫ్ట్‌వేరే.

సాఫ్ట్‌వేర్ పొరబడుతుంది కూడా. 2010 జులైలో వాల్వ్ సంస్థ మోడర్న్ వార్‌ఫేర్ 2 ఆడేవాళ్లలో సుమారు 12,000 మందిని తొండిగాళ్లుగా లెక్కగట్టి వెలివేసింది. తప్పు తనదేనని తర్వాత తేలింది. నిషేధాలు ఎత్తేసి, సంస్థ అధిపతి గేబ్ న్యూవెల్ క్షమాపణ చెప్పి, నష్టపోయినవాళ్లకి ఒక ఆటని ఉచితంగా ఇచ్చారు. 2023 అక్టోబరులో ఏఎమ్‌డీ కంపెనీ గ్రాఫిక్స్ కార్డులకి తెచ్చిన ఒక కొత్త సదుపాయాన్ని కౌంటర్ స్ట్రైక్ 2 కాపలా వ్యవస్థ తొండిగా పట్టుకుంది. కంపెనీ ఇచ్చిన బటన్ నొక్కడమే ఆ ఆటగాళ్లు చేసిన నేరం. ఈ రెండు ఉదాహరణల వల్ల సియాటిల్ అబ్బాయి నిర్దోషి అయిపోడు. కంపెనీ మాటని చివరి మాటగా తీసుకోకూడదని మాత్రం తెలుస్తుంది. పై రెండు కేసుల్లోనూ దెబ్బతిన్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అరుపు వినిపించింది. ఒక్క పిల్లవాడి ఖాతా విషయంలో పొరపాటు జరిగితే పక్కన అరిచేవాళ్లుండరు.

రెండో ప్రశ్న దగ్గర మరికాస్త ఆగాలి. మన ఊళ్లలో అసలు చిక్కంతా అక్కడే.

పామర్రు చుట్టుపక్కల వరి కోతలయ్యాక మినుము చల్లే ఊళ్లలో ఒక మామూలు ఇల్లు తీసుకోండి. మంచి ఫోను ఒకటే ఉంటుంది. సిమ్ము తండ్రి పేరు మీద ఉంటుంది. జీమెయిల్ ఫోను కొన్న షాపులోనే పెట్టిస్తారు, పుట్టిన సంవత్సరం దగ్గర షాపతను చేతికొచ్చింది కొడతాడు. ఆట ఐడీ దానికే తగిలిస్తారు. పగలు పిల్లవాడు ఆడతాడు, రాత్రి బాబాయి కొడుకు ఆడతాడు. సెలవులకి విజయవాడ నుంచి వచ్చిన బావ ‘నీ ర్యాంకు నేను లేపుతా, ఇవ్వరా’ అని తీసుకుంటాడు. ఎవరో పంపిన మోడ్ ఏపీకే, అంటే తొండికి వీలుగా మార్చిన ఆట ఫైలు, ఎక్కిస్తాడు. వారం తిరక్కుండా తెర మీద నిషేధం నోటీసు వస్తుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది. సెంటర్లో షాపు దగ్గరికి పరిగెత్తి ‘అన్నా, నా ఐడీ పోయిందన్నా, ఎట్టాగైనా తెప్పించవా’ అని బతిమాలేది మాత్రం పిల్లవాడు.

కంపెనీ లెక్కలో నిందితుడు ఒక ఐడీ. ఇంటి లెక్కలో ఆ ఐడీ వెనక నలుగురున్నారు. ఖాతాలో తొండి జరిగిందన్న మాట నూటికి నూరుపాళ్లు నిజమై, పిల్లవాడు తొండి ఆడాడన్న మాట అబద్ధం కావచ్చు. వైకల్యం ఉన్న పిల్లల దగ్గర ఈ తేడా ఇంకా పెద్దది. పాస్‌వర్డ్ కొట్టడానికో, తెర మీది అక్షరాలు చదవడానికో, వేళ్లు తిరక్కపోతే గట్టి స్థాయి దాటించడానికో మరొకరి చెయ్యి కావాలి. సాయం చేసిన చెయ్యి ఏం చేసిందో పిల్లవాడికి తెలియకపోవచ్చు.

తెలిసి కూడా ఉండొచ్చు. సానుభూతితో మాట్లాడేవాళ్లు దాటేసే విషయం ఇది. ఆటిజం ఉన్న పిల్లలు అబద్ధమాడలేరన్న నమ్మకం బలంగా ఉంది. ఆ నమ్మకానికి ఒక మూలం 1985లో బారన్ కోహెన్, లెస్లీ, ఫ్రిత్ చేసిన ప్రసిద్ధ ప్రయోగం. ఎదుటివాళ్లు పొరపాటుగా ఏం అనుకుంటున్నారో ఊహించమంటే, ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది ఊహించలేకపోయారు. ఎదుటి మనసు చదవలేనివాడు ఎదుటివాణ్ణి మోసగించలేడని చాలామంది అర్థం చేసుకున్నారు. అయితే 2011లో, ఈ తగవు జరిగిన ఏడాదే, లీ, కెల్లీ, ఎవన్స్, కాంగ్ లీ ప్రచురించిన అధ్యయనం వేరే మాట చెప్పింది. చూడొద్దన్న వస్తువుని ఆటిజం ఉన్న పిల్లలూ తొంగిచూశారు, మిగతా పిల్లల్లాగే చూడలేదనీ చెప్పారు. తేడా వచ్చింది ఆ తర్వాతే. చెప్పిన అబద్ధాన్ని తర్వాతి ప్రశ్నల్లో నిలబెట్టుకోవడం వాళ్లకి కష్టమైంది. రెండూ చిన్న అధ్యయనాలే, ప్రయోగశాల గదిలో జరిగినవే. వాటితో ఏ ఒక్క పిల్లవాడి గురించీ తీర్పు చెప్పలేం. ఆటిజం అమాయకత్వానికి సర్టిఫికెట్టు కాదని, అపరాధానికి సాక్ష్యమూ కాదని చెప్పడానికి మాత్రం అవి చాలు. అడిగినకొద్దీ తడబడే పిల్లవాణ్ణి చూసి దొరికిపోయాడనుకునే పెద్దవాళ్లు ఆ రెండో అధ్యయనాన్ని గుర్తుంచుకోవాలి. ఆ తడబాటు నిజం చెప్పేటప్పుడు కూడా రావచ్చు.

ఆట వీళ్లకి ఎంత దగ్గరో చెప్పే లెక్క ఒకటుంది. 2013లో అమెరికా పిల్లల వైద్యుల పత్రిక పీడియాట్రిక్స్‌లో మజూరెక్, ఎంగెల్‌హార్ట్ రాసిన వ్యాసం ప్రకారం ఆటిజం ఉన్న మగపిల్లలు రోజుకి సగటున 2.1 గంటలు, సాధారణ ఎదుగుదల ఉన్న మగపిల్లలు 1.2 గంటలు వీడియో గేములు ఆడుతున్నారు. తల్లిదండ్రులు చెప్పిన అంకెలివి, పైగా అమెరికావి. మన జిల్లాకి అలాగే దించుకోలేం. కారణం మాత్రం మన వీధుల్లోనూ కనిపిస్తుంది. వీధి క్రికెట్‌లో ఇలాంటి పిల్లవాడు ఆటలో అరటిపండు. బ్యాటింగు ఇస్తారు గానీ అవుటైనా లెక్కుండదు, కొట్టిన పరుగుకీ లెక్కుండదు. ప్రేమతోనే చేస్తారు. ఫోనులో మాత్రం వాడు స్క్వాడ్‌లో నాలుగోవాడు, వాడు పడిపోతే మిగతా ముగ్గురూ లేపడానికి పరిగెత్తుతారు. వాడి గెలుపూ ఓటమీ అక్కడ లెక్కలోకి వస్తాయి. తొండి అన్న మాట మిగతా పిల్లల కన్నా వాడికి ఎక్కువ తగిలేది అందుకేనని నా అభిప్రాయం. అదే కారణంతో, వాడు తొండి చేశాడా అని అడగడమే తప్పన్నట్టు మాట్లాడటం కూడా నాకు సరిగా తోచదు. అలా అంటే వాణ్ణి మళ్లీ అరటిపండుని చేసినట్టే.

సాయానికీ తొండికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది కంపెనీలకే తేలలేదు. వేళ్లు సరిగా ఆడనివాళ్ల కోసం 2018లో మైక్రోసాఫ్టే ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అమ్మకానికి తెచ్చింది. పెద్ద బటన్లు, కాలితోనో మోచేతితోనో నొక్కే స్విచ్చులు తగిలించుకునే వీలు దానికి ఉన్నాయి. అదే సంస్థ 2023లో తన ఆమోదం లేని కంట్రోలర్లు పనిచేయకుండా ఆపేయడం మొదలుపెడితే, వాటి మీదే ఆధారపడిన వికలాంగ ఆటగాళ్లు ఆందోళన చెందారు. ఆ ఏడాదే డెస్టినీ 2 తయారుచేసిన బంగీ కొంచెం నిదానంగా ఆలోచించింది. ఆట ఆడగలగడానికి వాడే పరికరానికి తప్పులేదు, ఎదుటివాడి మీద పైచేయి కోసం వాడితే శిక్ష తప్పదు అని నియమం రాసుకుంది. నియమం బాగుంది. పరికరం ఒకటే అయినప్పుడు ఉద్దేశాన్ని యంత్రం ఎలా కనిపెడుతుంది? అడిగి తెలుసుకోవాల్సిందే.

మూడో ప్రశ్న శిక్షది. సియాటిల్ కేసులో నన్ను కలవరపెట్టింది స్కోరు పోవడం కాదు, పేరు మీద పడ్డ ముద్ర. మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని 2008 మార్చిలో మొదలుపెట్టింది. స్కోరు తొండిదైతే తీసేయడం న్యాయమే, సక్రమంగా ఆడేవాళ్లకి అది అవసరం కూడా. ముద్ర ఆ పని చేయదు, చూసేవాళ్ల కోసమే అది. క్రాఫ్టన్ కూడా 2021లో నిషేధించిన ఖాతాల పేర్లతో జాబితాలు ప్రకటించింది. ఆ ఆటలోకి 18 ఏళ్లలోపు పిల్లల్ని తల్లిదండ్రుల ఫోను నంబరుతో రానిస్తారు గనక ఆ జాబితాల్లో పిల్లలూ ఉండే ఉంటారన్నది నా అంచనా. మన బళ్లలో ఏ మాస్టారైనా పిల్లవాడి మెడలో ‘దొంగ’ అని అట్ట కట్టి నిలబెడితే 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ అడ్డొస్తుంది. శరీరాన్ని కొట్టడంతో పాటు మనసుని వేధించడాన్నీ అది నిషేధించింది. అదే పిల్లవాడు బడి విడిచి ఇంటికొచ్చి ఫోను తెరిస్తే, అక్కడ ఆ అట్ట కట్టడానికి ఏ అడ్డూ కనిపించదు.

పెద్దవాళ్లకి దొరికే వెసులుబాటు చూడండి. 2021 జూన్‌లో కోవిడ్ సాయం కోసం విశ్వనాథన్ ఆనంద్ ఆన్‌లైన్‌లో ప్రముఖులతో చదరంగం ఆడారు. షేర్ల బ్రోకరేజీ సంస్థ జెరోధా స్థాపకుల్లో ఒకరైన నిఖిల్ కామత్ ఆయన మీద గెలిచారు. కంప్యూటర్ల, తెలిసినవాళ్ల సాయం తీసుకున్నానని మర్నాడు ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. ఆయన ఖాతాని చెస్ డాట్ కామ్ మొదట మూసేసి, అది రేటింగు లేని ఆట అని, ఆనంద్ కూడా వదిలేశారని చెప్పి మళ్లీ తెరిచింది. అలా తెరవడాన్ని నేను తప్పుపట్టను. తప్పు ఒప్పుకున్న మనిషికి తిరిగొచ్చే దారి ఉండాలి. 11 ఏళ్ల పిల్లవాడికీ అది ఉండాలన్నదే నా వాదన.

ముద్ర ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఆటల చరిత్రలోనే ఒక ఘట్టం ఉంది, అది మన తెలుగమ్మాయి దాకా వస్తుంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ బంగారం గెలిచింది. ఆ జట్టులో 12 మందికి గాను 10 మందికి ఏ వైకల్యమూ లేదని తర్వాత బయటపడింది. మోసం చేసింది వైకల్యం లేనివాళ్లు, వాళ్లని పంపిన అధికారులు. శిక్ష మాత్రం ఆ విభాగం మొత్తానికి పడింది. 2004 ఏథెన్స్‌లోనూ 2008 బీజింగ్‌లోనూ ఈ క్రీడాకారులకి పతక పోటీలే లేవు. 2012 లండన్‌లో కొన్ని అంశాల్లో మాత్రం తలుపు తెరిచారు. ఆ తలుపు గుండా వచ్చిన అమ్మాయే వరంగల్ జిల్లా కల్లెడకి చెందిన జీవంజి దీప్తి. కూలి పనులు చేసుకునే ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు ఊళ్లోవాళ్లు బిడ్డని ఎలా గేలి చేసేవాళ్లో ఆమె తల్లిదండ్రులు తర్వాత చెప్పుకున్నారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి ఆ విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. 2012లో ఆ తలుపు తెరుచుకోకపోయి ఉంటే కల్లెడ అమ్మాయి ఎంత వేగంగా పరిగెత్తినా పారిస్‌లో ఆమెకి గీత గీసేవాళ్లుండరు.

అనుమానం వైకల్యం వైపు ఎంత తేలిగ్గా తిరుగుతుందో మన రాష్ట్రంలోనూ చూశాం. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకి 6,000 రూపాయలైంది. 2025లో వైకల్యాన్ని ధ్రువపరిచే సదరం సర్టిఫికెట్లని మళ్లీ పరీక్షించి, ఆగస్టులో చాలామందికి అనర్హత నోటీసులిచ్చారు. దొంగ సర్టిఫికెట్లు ఉండటం నిజం. నడవలేని మనిషి మళ్లీ క్యూలో నిలబడి తన కాలి సంగతి నిరూపించుకోవాల్సి రావడమూ నిజం. అక్కడ కనీసం కాగితం మీద నోటీసు, అప్పీలుకి దారి ఉన్నాయి. ఫోను ఆటలో అంతకన్నా తక్కువ ఎందుకుండాలి?

పిల్లల విషయంలో చట్టాలు మరీ ఖాళీగా లేవు. మైనరుతో చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. ‘నేను అంగీకరిస్తున్నాను’ అని పిల్లవాడు నొక్కిన బటనుకి ఎంత విలువో దాన్నిబట్టి ఆలోచించుకోవచ్చు. 2017లో ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ గేమ్స్ అమెరికాలో 14 ఏళ్ల అబ్బాయి మీద తొండి కేసు వేస్తే, వాడి తల్లి కోర్టుకి రాసిన ఉత్తరంలో ఎత్తిచూపిన విషయాల్లో ఇదొకటి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది, వాటిలో ఆటిజం ఉంది. జనం చూస్తుండగా వికలాంగుల్ని కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలని దాని 92వ సెక్షన్ చెబుతోంది. సాఫ్ట్‌వేర్ వేసిన ముద్రకి ‘కావాలని’ అన్న మాట అతకడం కష్టం. ఆ ముద్ర చూసి పిల్లవాడి వైకల్యాన్ని వెక్కిరించే మనుషుల సంగతి వేరు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతిని ధ్రువపరుచుకోవాలంటుంది. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దృష్టి ప్రధానంగా డబ్బు పందేల మీద ఉంది.

బయట జరిగిన ఒక మంచి ప్రయత్నం గురించి చెప్పాలి. బహిరంగ మైన్‌క్రాఫ్ట్ సర్వర్లలో ఆటిజం ఉన్న పిల్లల్ని ఏడిపిస్తున్నారని, 2013లో కెనడాకి చెందిన స్టువర్ట్ డంకన్ అనే తండ్రి ఆటిజం కుటుంబాల కోసమే ఆట్‌క్రాఫ్ట్ అనే సర్వర్ పెట్టారు. అక్కడా నియమాలున్నాయి. తప్పు చేసిన పిల్లవాడితో పెద్దవాళ్లు మాట్లాడతారు. కోట్ల ఖాతాల కంపెనీకి ఇది సాధ్యమా అంటే, అందరికీ కాదు. పిల్లవాడి ఖాతా అని తెలిసినచోట, అప్పీలు వచ్చినచోట మనిషి చూడటం సాధ్యమే.

సియాటిల్ తల్లి ఎంచుకున్న దారిని నేను తప్పనను. కంపెనీ తలుపు తట్టి తట్టి విసిగినవాళ్లు కెమెరా ముందుకి వస్తారు. దాని ఫలితం మాత్రం గమనించాలి. అంతవరకు ఎక్స్‌బాక్స్ లైవ్‌లో మాత్రమే కనిపించిన మాట, ఆ తర్వాత అబ్బాయి ముఖంతో, వైకల్యం పేరుతో ప్రపంచమంతా తిరిగింది.

పామర్రులో ఏ ఇంట్లోనైనా ఈ కష్టం వస్తే వీడియో తీసి పెట్టే ముందు చేయగల పనులున్నాయి. నోటీసు తెర ఫొటో, అది వచ్చిన తేదీ, ఆటలో ఖర్చుపెట్టే యూసీ కొన్న రసీదులు దాచాలి. ఆ వారం ఫోను ఎవరెవరి చేతిలో ఉందో కోప్పడకుండా రాసుకోవాలి. కోప్పడితే బావ పేరు ఎప్పటికీ బయటికి రాదు. పిల్లవాడు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి వెళ్తుంటే అక్కడి టీచరుని పక్కన కూర్చోబెట్టుకుని, వాడికి అర్థమయ్యే పద్ధతిలో అడగాలి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పి, నిర్ణీత గడువులో తేల్చాల్సిన గ్రీవెన్స్ అధికారి కంపెనీకి ఉండాలి. ఆ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం 2023 జనవరిలో ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీలకి ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు. ఫిర్యాదులో వైకల్యం గురించి అవసరమైన మేరకే రాయాలి, అంటే ఏ పరికరం వాడాడు, ఎవరు సాయం చేశారు, నోటీసు చదవగలడా లేదా అన్నంత వరకే. ఏ ఆధారంతో నిషేధించారో చెప్పమని, ఆ జవాబు తల్లికి అర్థమయ్యే తెలుగులో, పిల్లవాడికి చదివి వినిపించగలిగేట్టు ఇమ్మని కూడా అందులోనే అడగొచ్చు.